మ్యాచింగ్ సెంటర్ నుంచి సావిల్ రో దాకా

మా వారి బీరువా తలుపు తీస్తే మూడే రంగులు. నేవీ బ్లూ, నలుపు, బూడిద. పెళ్ళయి పదకొండేళ్ళయినా నాలుగో రంగుని లోపలికి పంపలేకపోయాను. "మగాళ్ళకి ఇవి చాలవా?" అంటారు. చాలు కాబోలు అని నేనూ ఊరుకున్నాను.

మార్చిలో ఆయన ఉద్యోగం పోయాక ఆ మూడింట్లో ఒకటే మిగిలింది. బూడిద రంగు హుడీ. పొద్దున్న లేచి అదే, బాబుని స్కూల్లో దింపడానికి అదే, వీడియో ఇంటర్వ్యూ ఉంటే పైన చొక్కా తొడుక్కుని, అది అవగానే మళ్ళీ అదే. అప్పటికే మాకు ఇక్కడ శాశ్వత నివాసం వచ్చేసింది కాబట్టి వీసా భయం లేదు. కానీ మనిషి రోజురోజుకీ ఆ హుడీలోకి ముడుచుకుపోతుంటే చూడటం కష్టంగా ఉండేది. ఈల వేస్తూ గిన్నెలు తోమే మనిషి. ఆ ఈల కూడా ఆగిపోయింది.

అక్టోబరులో ఒక ఇంటర్వ్యూకి స్వయంగా రమ్మన్నారు. ఆఫీసు లండన్ నడిబొడ్డున, బ్యాంకులూ బీమా కంపెనీలూ ఉండే 'సిటీ'లో. వేసుకోవడానికి ఉన్న సూటు ఒక్కటే. మా పెళ్ళి రిసెప్షన్‌కి మా నాన్నగారు రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్లో బిట్టు కొని దగ్గరుండి కుట్టించిన నేవీ బ్లూ సూటు. తొడిగి చూస్తే నడుం దగ్గర రెండు వేళ్ళు వదులైంది. పదకొండేళ్ళలో బిగుతవ్వాల్సిన సూటు వదులైతే ఏ ఇల్లాలికైనా ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా వీధి చివర టైలరు దాన్ని సరిచేసి ఇచ్చాడు. ఇక టై, బూట్ల సంగతి తేల్చాలి.

"ఒకసారి సావిల్ రో చూసొద్దాం పదండి" అన్నాను.

"మన దగ్గరున్న డబ్బులకి అక్కడ గుండీ కూడా రాదు."

"కొనడానికి కాదు, చూడటానికి. చూడటానికి డబ్బులు తీసుకోరుగా."

ఒక శుక్రవారం బాబుని స్కూల్లో దింపి బయల్దేరాం. వాడు బయటికొచ్చేది మూడుంపావుకి. ఆలోగా తిరిగి రావాలి. మేముండేది హారో పక్కన. అక్కడి నుంచి బేకర్లూ లైను రైలెక్కితే మారకుండా పికడిల్లీ సర్కస్‌లో దిగొచ్చు.

రైలు సొరంగంలోకి దూరేదాకా కిటికీ అవతల చెట్లే. ఈ దేశం వచ్చిన కొత్తలో 'ఆటమ్' అంటే శరదృతువు అని మనసులో అనువాదం చేసుకునేదాన్ని. నెలలు సరిపోతాయి గానీ సంగతి సరిపోదు. మన శరత్తంటే వానలు వెలిసి ఆకాశం తేటపడటం, తెల్లటి వెన్నెల, రెల్లుపూలు. దాని రంగు తెలుపు. ఆకులు రాలడం మనకి శిశిరంలో. ఇక్కడేమో దసరా వెళ్ళేసరికే చెట్లన్నీ పసుపూ కుంకుమా పెట్టుకున్నట్టు నిలబడతాయి.

నేను బీఎస్సీ చదివాను, కెమిస్ట్రీ. ఆ డిగ్రీ సర్టిఫికెట్టు మడత విప్పి చాలా ఏళ్ళయింది గానీ ఆకుల సంగతి మాత్రం ప్రతి ఏడూ గుర్తొస్తుంది. ఆకులో పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు వసంతం నుంచీ ఉంటాయి. పైన పత్రహరితం కమ్మేసి ఉండటం వల్ల మనకి కనబడవు. పగటి వెలుగు తగ్గి చలి మొదలయ్యాక చెట్టు పత్రహరితాన్ని విరగ్గొట్టి ఆకులోని నత్రజనిని లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు. ఆంథోసయనిన్లు అనే ఆ రంగుని చాలా చెట్లు ఆ రోజుల్లోనే కొత్తగా తయారు చేసుకుంటాయి. ఎండ బాగా కాసి రాత్రుళ్ళు చల్లబడిన ఏడాది ఎరుపు ఎక్కువ. అంటే పసుపు లోపల ఉన్నదే, ఎరుపు కొత్తగా పుట్టింది. ఈ మాట ఆయనకి చెబితే, "మరి బూడిద రంగు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

పికడిల్లీ సర్కస్‌లో దిగి, రీజెంట్ స్ట్రీట్ మీదుగా వీగో స్ట్రీట్‌లోకి మళ్ళితే పక్కనే సావిల్ రో. పేరుకున్నంత పెద్ద వీధి కాదు, పది నిమిషాల్లో నడిచేయొచ్చు. 15వ నంబరులో హెన్రీ పూల్ అండ్ కో ఉంది. ఆ సంస్థ మొదలైంది 1806లో. 3వ నంబరు ఇంటి డాబా మీదే బీటిల్స్ 1969 జనవరి 30న పాడారు. ఇక్కడ ఒక సూటు కుట్టించుకోవాలంటే వేల పౌండ్లు కావాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం అద్దాల వెనక బొమ్మలు కాదు. కొన్ని షాపుల ముందు ఇనప కటకటాలుంటాయి. వాటిలోంచి కిందికి చూస్తే నేలమాళిగ గదుల్లో టైలర్లు పని చేస్తూ కనబడతారు. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, బల్ల నిండా పరిచిన గుడ్డ. మా వారు ఒక కటకటా పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "మా తణుకులో టైలరు కూడా అచ్చం ఇలాగే గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేవాడు. ఎప్పుడు మింగేస్తాడో అని భయపడేవాణ్ణి" అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన తనంతట తాను ఒక కబురు చెప్పడం అదే.

ఇక రంగులు. అక్టోబరు కదా, ఆ అద్దాల వెనక నేవీ బ్లూ వెనక్కి తగ్గి వేరే రంగులు ముందుకొచ్చాయి. వాటికి ఇంగ్లీషులో ఏవేవో పేర్లున్నాయి. నాకు మాత్రం మన పేర్లే తోచాయి. ఇది వక్కరంగు కోటు. అది కొత్త చింతపండు రంగు. ఈ టై ఇటుకపొడి, ఆ స్కార్ఫు మెంతిరంగు, పక్కనున్నది ముదురు గోరింటాకు. చొక్కా కూడా తళతళలాడే తెలుపు కాదు, మీగడ తెలుపు. అలా చూస్తూ ఉంటే ఒక సంగతి అర్థమైంది. ఇది నాకు తెలియని విద్య కాదు.

మన ఊళ్ళలో మ్యాచింగ్ సెంటర్ ఉంటుంది కదా. చీర పట్టుకెళ్తే లోపలాయన వంద రవికె ముక్కలు బల్ల మీద పరిచేవాడు. మా అమ్మ వాటిల్లో రెండింటిని ఏరి, చీరతో సహా గుమ్మం బయటికి తెచ్చి ఎండలో పట్టుకుని చూసేది. అక్కడ నేర్చుకున్న సూత్రాలు ఇక్కడా అవే. కోటు మన చీర ఒళ్ళు లాంటిది, అది నెమ్మదిగా ఉండాలి. చొక్కా రవికె. టై అంచు. జేబులో పెట్టే రుమాలు కొంగు చివర కుచ్చు. అంచూ కుచ్చూ ఒకే గుడ్డలోంచి కత్తిరించినట్టుంటే కొట్లో సెట్టుగా కొన్నట్టు కనబడుతుంది. రుమాలు టైలోని ఏదో ఒక చిన్న రంగుని అందుకుంటే చాలు. గళ్ళ కోటు వేస్తే టై సాదాగా ఉండాలి. రెండిటికీ డిజైను తప్పదనుకుంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద బుటా చీరకి పెద్ద బుటా రవికె మనం వెయ్యం కదా!

రంగుతో పాటు నేత కూడా మారాలని అక్కడే గమనించాను. వేసవి టై పట్టులా మెరుస్తుంది. ఈ కాలానికి మెరుపు తగ్గిన ఉన్ని టై, లేదా అల్లిన టై బావుంటుంది. ప్యాంటు కూడా నున్నటి గుడ్డ కాకుండా కాస్త నూగున్న ఫ్లానెల్. బూడిద రంగు ఫ్లానెల్ ప్యాంటు మీద వక్కరంగు కోటు వేసిన బొమ్మ ఒకటుంది. "చూశారా, మీ బూడిద రంగు కూడా పనికొస్తుంది, పక్కన సరైనది ఉంటే" అన్నాను. రైల్లో అడిగిన ప్రశ్నకి జవాబు దొరికిందని నాకే సంతోషం వేసింది.

సావిల్ రో చివర్నుంచి నాలుగడుగులు వేస్తే బర్లింగ్టన్ ఆర్కేడ్. 1819లో తెరిచిన కప్పుబజారు. రెండు వైపులా చిన్న చిన్న కొట్లు, తోలు చేతితొడుగులు, ఉన్ని శాలువాలు, గడియారాలు. దీనికి సొంత కాపలావాళ్ళున్నారు, పొడుగు కోటూ టోపీతో. లోపల ఈల వేయకూడదన్నది ఇక్కడి పాత నియమం. ఆ సంగతి చెబితే మా వారు నవ్వారు గానీ నాకు మనసులో కలుక్కుమంది. మార్చి నుంచి ఆ నియమం మా ఇంట్లోనూ నడుస్తోంది.

ఆర్కేడ్ దాటి, పికడిల్లీ రోడ్డుకి అడ్డంపడి, ఎదురుగా ఉన్న పికడిల్లీ ఆర్కేడ్‌లోంచి వెళ్తే జెర్మిన్ స్ట్రీట్. చొక్కాలకి పేరున్న వీధి. మొదట్లోనే బో బ్రమ్మెల్ కంచు విగ్రహం ఉంటుంది. రెండొందల ఏళ్ళ కిందట లండన్‌లో మగవాళ్ళు ఎలా తయారవ్వాలో ఇతన్ని చూసి నేర్చుకునేవారట. జిలుగులన్నీ వదిలేసి ముదురు రంగు కోటు, ఉతికిన తెల్ల గుడ్డ, సరిగ్గా కట్టిన మెడపట్టీ చాలన్నది ఇతని పద్ధతి. ఇవాళ్టి సూటు ఆ దారిలోంచే వచ్చింది. చివరికి అప్పులు తీర్చలేక 1816లో ఫ్రాన్స్ పారిపోయి, 1840లో అక్కడే పేదరికంలో పోయాడు. అది విని మా వారు, "చూశావా, బట్టలు బావున్నంత మాత్రాన ఉద్యోగం రాదు" అన్నారు. "ఇతను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు లెండి" అన్నాను.

అక్కడే ఒక కొట్లో టైలు చూశాం. నేరేడుపండు రంగు టై ఒకటి నాకు నచ్చింది. నేవీ సూటు మీద పెట్టి చూడటానికి సూటు గుడ్డ ముక్క సంచిలో తెచ్చాను. మా టైలరు తీసేసిన కుట్టుబడి ముక్క. కొట్లో దీపాల కింద రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. అమ్మ గుర్తొచ్చి, కొట్టాయన్ని అడిగి గుమ్మం దగ్గరికి తెచ్చి చూస్తే టై వంకాయ రంగులోకి తిరిగిపోయింది. ఒక వెలుగులో కలిసే రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. మెటామెరిజం అని చదువుకున్నాం. ప్రతి అద్దకం రంగూ కాంతిలోని వేర్వేరు భాగాల్ని తన లెక్కన మింగుతుంది, వెలుగు మారితే ఆ లెక్క మారిపోతుంది. అమ్మకి ఆ పేరు తెలియదు, సంగతి తెలుసు. కొట్టాయన తెల్లజుట్టు పెద్దమనిషి. ఏమీ అనుకోకుండా తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. టై ధర చూసి, దండం పెట్టి వచ్చేశాం.

గ్రీన్ పార్కులో బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. అక్కడ ప్లేన్ చెట్లూ లైమ్ చెట్లూ ఎక్కువ. కింద పసుపు, గోధుమ ఆకులు. అక్కడే బూట్ల మీద గొడవైంది.

ఆయనకి తేనెరంగు తోలు బూట్లున్నాయి, మంచివి. నేవీ సూటు మీద అవే వేస్తానన్నారు. హైదరాబాదు ఆఫీసుల్లో అందరూ అలాగే వేస్తారు, చూడ్డానికీ బావుంటాయి. నేను వద్దన్నాను. ఇంగ్లీషువాళ్ళకి పాత సామెతలాంటి మాట ఒకటుంది, పట్నంలో గోధుమరంగు కూడదని. అదంతా పాతకాలం అనుకుంటాం. కానీ 2016లో ఇక్కడి సోషల్ మొబిలిటీ కమిషన్ ఇచ్చిన నివేదికలో, పెట్టుబడి బ్యాంకుల ఇంటర్వ్యూల్లో సూటు మీద గోధుమరంగు బూట్లు వేసుకొచ్చిన వాళ్ళని కొందరు మేనేజర్లు తక్కువగా చూస్తున్నారని రాశారు. పెద్ద కుటుంబాల పిల్లలకి ఈ నియమాలు ఇంట్లోనే తెలుస్తాయి. మిగతావాళ్ళకి ఎవరూ చెప్పరు, కానీ తప్పు మాత్రం పట్టుకుంటారు.

"అయితే నా పని చూడరా? బూట్లు చూస్తారా?" అన్నారు. గొంతులో ఏడు నెలల కోపం ఉంది.

నాకూ కోపమే. బూట్ల రంగుతో మనిషిని తూచే పద్ధతి మంచిదని నేను అనడం లేదు. "మీ పని చూడాలంటే ముందు వాళ్ళ కళ్ళు బూట్ల మీద ఆగకూడదు. ఆ ఒక్క గంటా నల్లవి వేసుకోండి. ఉద్యోగం వచ్చాక ఎర్రవి వేసుకుందురు గాని" అన్నాను. ఆయన మాట్లాడలేదు. పులిహోర డబ్బా మూత పెట్టి లేచారు. నేను సరిగ్గానే చెప్పానా, లేక ఆయన్ని ఇంకాస్త చిన్నబుచ్చానా అన్నది రైలెక్కేదాకా తేలలేదు.

మా స్టేషన్‌లో దిగేసరికి బాబు స్కూలు వదలడానికి ఇంకా అరగంట ఉంది. దారిలోనే ఒక చారిటీ షాపు. మనలో చాలామందికి పాతబట్టలంటే పట్టింపు, నాకూ ఉండేది. ఈ ఏడాది పోయింది. టైల బుట్టలో వెతికితే ముదురు నేరేడు రంగు అల్లిన టై, 6 పౌండ్లు. వెంటనే గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నేరేడు నేరేడుగానే ఉంది.

వెనక్కి తిరిగితే మా వారు ఒక కోటు ముందు నిలబడి ఉన్నారు. దూరం నుంచి వక్కరంగు. లోపల హ్యారిస్ ట్వీడ్ వారి గోళం ముద్ర ఉన్న లేబులు. స్కాట్లండు పడమటి దీవుల్లో నేతగాళ్ళు తమ ఇళ్ళలోనే మగ్గం మీద నేసిన గుడ్డకే ఆ ముద్ర వేస్తారు. దానికి 1993లో చేసిన చట్టమే ఉంది. మన పోచంపల్లివాళ్ళు వింటే సంతోషిస్తారు. అయితే ఒక తేడా ఉంది. పోచంపల్లిలో నూలు దారానికి ముళ్ళు కట్టి అద్దుతారు. వీళ్ళు దారం వడకక ముందే ఉన్నికి రంగులద్ది, ఆ రంగుల ఉన్నులు కలిపి వడుకుతారు. అందుకే కోటు దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఒక్క గోధుమరంగులోనే తుప్పు, పాచి, పసుపు, ఎక్కడో ఒక నీలం పోగు కూడా కనబడ్డాయి. గ్రీన్ పార్కు నేలంతా ఎవరో చుట్టి తెచ్చినట్టుంది.

"వేసుకోండి" అన్నాను.

"ఇది ఇంటర్వ్యూకి పనికిరాదుగా."

"రాదు. అయినా వేసుకోండి."

ఆ బూడిద హుడీ విప్పి కోటు తొడుక్కున్నారు. అద్దంలో చూస్తే నాకు నోట మాట రాలేదు. మన చామనచాయకి బూడిద రంగు పక్కన పెడితే మొహం వాడినట్టుంటుంది. అదే మొహం ఆ వెచ్చటి రంగు పక్కన దీపం దగ్గర కూర్చున్నట్టు వెలిగింది. ఇక్కడి పత్రికల్లో రాసే సలహాలు తెల్లవాళ్ళని మనసులో పెట్టుకుని రాసినవి. ఈ రంగులు వాళ్ళని పాలిపోయినట్టు చూపిస్తాయేమో గానీ మనకి చుట్టాలు. ఒక్క లేత ఖాకీ, మన ఒంటి రంగుకి మరీ దగ్గరైన గోధుమ మాత్రం మొహం పక్కన పెట్టకూడదు. ఎక్కడ కోటు అయిపోయి ఎక్కడ మనిషి మొదలయ్యాడో తెలియదు.

ధర 35 పౌండ్లు. ఉద్యోగం లేని ఇంట్లో అది రెండు వారాల కూరగాయలు. ఆయన విప్పి తిరిగి తగిలించబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను. కొన్నాం.

ఇంటర్వ్యూ రోజు మా నాన్నగారి నేవీ సూటు, తెల్ల చొక్కా, ముందు రాత్రి తానే పాలిష్ చేసుకున్న నల్ల బూట్లు, ప్యాంటు రంగు సాక్సులు. ఒంటి మీద ఆకురాలు కాలమంటే ఆ నేరేడు టై ఒక్కటే. గుమ్మంలో నిలబడి, "నీ అంచు సరిగ్గా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. ఎనిమిది రోజులకి మర్యాదగా మెయిలు వచ్చింది. బూట్ల వల్ల మాత్రం కాదని ఇద్దరం నవ్వుకున్నాం, ఆ తర్వాత కాసేపు నవ్వలేదు.

దీపావళికి స్నేహితుల ఇంటికి పిలిచారు. నేను చీర మడతలు సర్దుకుంటుంటే ఆయన పక్క గదిలోంచి వచ్చారు. మీగడ తెలుపు చొక్కా, బూడిద రంగు ప్యాంటు, ఆ వక్కరంగు కోటు, కింద తేనెరంగు బూట్లు. బెల్టు కూడా అదే తేనెరంగు, నేను చెప్పకుండానే. అక్కడ ఎవరో ఎవరు ఎంచారని అడిగితే, "మా ఆవిడ. మ్యాచింగ్ సెంటర్లో డిగ్రీ చేసింది" అన్నారు. నా బీఎస్సీకి ఇన్నాళ్ళకి దక్కిన గౌరవం అదీ.

మీ ఇంట్లోనూ మూడు రంగుల బీరువా ఉంటే ఒక్క మాట. మొదటే కోటు దాకా వెళ్ళక్కర్లేదు. ఒక టై, ఒక ఉన్ని స్కార్ఫు, ఒక గడియారం తోలు పట్టీ, వీటిల్లో ఏదో ఒకటి వెచ్చటి రంగులోకి మార్చి చూడండి. గుమ్మం బయట వెలుగులో చూసి కొనండి. ట్వీడు కోటుని మాత్రం వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి. ఉన్ని పోగుకి చేపకున్నట్టు సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్ళలో తిప్పితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకుపోతాయి, కోటు మీ బాబుకి సరిపోతుంది. బ్రష్షుతో దులిపి గాలికి ఆరేస్తే చాలు.

వచ్చే మంగళవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నిన్న రాత్రి వంటింట్లో ఉంటే మెట్ల కింద నల్ల బూట్లకి పాలిష్ వేస్తున్న చప్పుడు వినబడింది. దాంతో పాటు సన్నగా ఈల కూడా. నేను స్టవ్ మంట తగ్గించి నిలబడి విన్నాను.